పిప్పిలో మిగిలిన తీపి
(కాగితం కథ: 11వ భాగం)

మద్రాసు రాయపురం నుంచి పడమటికి 1856లో నడిచిన రైలు దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు. ఆ దారిలో తిరువళ్ళూరు దాటి, అరక్కోణం చేరేలోపు తిరువాలంగాడు స్టేషన్ వస్తుంది. శివుడు నాట్యమాడాడని చెప్పే అయిదు సభల్లో రత్నసభ ఈ ఊరిదే. 1905లో ఇక్కడ రాజేంద్ర చోళుడి రాగి శాసనం బయటపడింది. మొత్తం 31 రేకులు, వాటిని గుచ్చిన కడియం, దాని మీద చోళుల ముద్ర. పళయనూరు అనే గ్రామాన్ని ఇక్కడి గుడికి రాసిచ్చిన దానపత్రం అది. రాజు పట్టానికొచ్చిన ఆరో ఏట రాయించిన ఆ మాటల్ని దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత కూడా పండితులు కూర్చుని చదువుకోగలిగారు.

తిరుత్తణి సహకార చక్కెర మిల్లు ఉన్నదీ ఈ తిరువాలంగాడులోనే. చరిత్ర రాసేవాళ్ళు వస్తే గుడి చూస్తారు, రేకుల గురించి అడుగుతారు, మిల్లు వైపు కన్నెత్తి చూడరు. కాగితం కథ చెప్పుకునేవాళ్ళకు మాత్రం మిల్లు దగ్గర కొండలా పేరుకునే చెరకు పిప్పితోనే ఎక్కువ పని.

రాగి రేకుల రోజులు పోయి కాగితం రోజులు వచ్చాక ఈ సీమ చేతులు మారిన తీరు చిన్నది కాదు. మిల్లు పేరులోని తిరుత్తణి మొదట ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1953లో ఆ జిల్లాతో పాటే ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. తిరుత్తణి మాదేనని తమిళుల తరఫున మా.పొ. శివజ్ఞానం వంటివారు ఉద్యమం నడిపారు, ఇటువైపు తెలుగువాళ్ళు వదలమన్నారు. చివరికి పటాస్కర్ మధ్యవర్తిత్వం, దాని వెంట 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం వచ్చాయి. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని ఊళ్ళు సత్యవేడు వైపు ఆంధ్రకు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు, ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే రాష్ట్రం మారిందన్నమాట. తిరువళ్ళూరు విడిగా జిల్లా అయింది 1997లో.

ఇన్ని మార్పులకూ సాక్ష్యం కాగితాలే. సర్వే పటాలు, అడంగళ్ళు, జమాబందీ లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాల కట్టలు. ఆ కాలపు ఫైలు దేన్నయినా విప్పితే అంచులు గోధుమరంగుకు తిరిగి, పేజీ తిప్పబోతే మూల చేతిలోకి ఊడి వస్తుంది. కారణం పాతబడటం అనుకుంటాం. పాతబడటం ఒక్కటే కారణమైతే అంతకు వందేళ్ళ ముందు గుడ్డపేలికలతో చేసిన కాగితం ఇంకా ముందే పొడి కావాలి. అది ఇప్పటికీ మడతకు ఆగుతోంది. ఫైలు మూల ఊడటానికీ, మిల్లు పెరట్లో పిప్పి నల్లబడటానికీ వెనక ఉన్న రసాయన చర్య ఒకే కోవకు చెందింది. చరిత్రకారులు మిల్లు వైపు కూడా చూడాలనేది అందుకే.

పిప్పి అంటే మనకు కొత్త కాదు. చిత్తూరు సీమలో బెల్లం గానుగ ఎరగనివాళ్ళుండరు. గానుగలోంచి వచ్చిన పిప్పిని అక్కడే ఎండబెట్టి, రసం కాగే పెనం కింద మంటకు తోస్తారు. చక్కెర మిల్లు చేసేదీ అదే, పెనానికి బదులు బాయిలరు. మిల్లుకు కావలసింది రసంలోని చక్కెర, అంటే సుక్రోజు. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు కలిసిన జంట అది. విచిత్రమేమిటంటే చక్కెరంతా పిండేశామనుకున్న పిప్పిలో మిగిలేది కూడా చాలావరకు చక్కెరే. నీళ్ళ సంగతి పక్కన పెడితే అందులో నూటికి నలభై నుంచి నలభై అయిదు పాళ్ళు సెల్యులోజు. గ్లూకోజులు వేల సంఖ్యలో వరసగా అతుక్కుంటే సెల్యులోజు. ఇంకో పావు వంతుకు పైగా హెమీసెల్యులోజు, అదీ చక్కెరల గొలుసే, కాకపోతే పొట్టిది, కొమ్మలున్నది, పిప్పిలో ముఖ్యంగా జైలోజు అనే చక్కెరతో అయింది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం లిగ్నిన్, నారలను కలిపి బిగించే పదార్థం.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో మొక్కల కణాల గోడల నుంచి సెల్యులోజును వేరుచేసి పరీక్షించాడు. బియ్యంలోని పిండికీ దీనికీ మూలం ఒక్కటే, గ్లూకోజు. అతుకు తిరిగిన వైపు వేరు, అంతే. ఆ తేడాకే ఒకటి వేడినీళ్ళలో గంజి అవుతుంది, రెండోది చొక్కా అవుతుంది. ఇది నిజంగా అంత పొడుగు గొలుసని హెర్మాన్ స్టాడింగర్ 1920లలో అంటే తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. ఆయనకు నోబెల్ ఇచ్చింది 1953లో, సరిగ్గా ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాది.

కాగితం బలమంతా ఆ గొలుసు పొడవులో ఉంది. పత్తిలో ఒక్కో గొలుసుకు పదివేల గ్లూకోజులు దాటొచ్చు. మిల్లులో ఉడికి, తెల్లబడి బయటికొచ్చిన గుజ్జులో వెయ్యి, మహా అయితే పదిహేను వందలు. రెండు మూడు వందలకు దిగితే కాగితం మడతకు ఆగదు. కంటికి మాత్రం కాగితంలాగే కనిపిస్తుంది. అక్షరాలు అలాగే ఉంటాయి, తెలుపు కూడా ఉండొచ్చు. గొలుసులు మాత్రం లోపల తునాతునకలై ఉంటాయి.

గొలుసును తెంపేవి ముఖ్యంగా మూడు. ఆమ్లం తెంపుతుంది, గాఢమైన క్షారంలో వేడి తెంపుతుంది, ఆక్సిజన్ తెంపుతుంది. కాగితం చేసే పనిలో ఈ మూడింటినీ తప్పించుకుని వెళ్ళే దారి లేదు. పైగా సెల్యులోజుకు హాని ఎక్కువగా దాని దాయాదుల వల్లే మొదలవుతుంది. మిగిలిపోయిన సుక్రోజు, పిండి, పెక్టిన్, హెమీసెల్యులోజు, అన్నీ చక్కెర వంశమే.

పెరటితో మొదలుపెడదాం. గానుగ రోలర్ల నుంచి వచ్చిన పిప్పిలో సగం నీళ్ళు, నూటికి రెండు మూడు పాళ్ళు తీపి. ఆ తీపి కోసం ముందుగా ఈస్టు వస్తుంది, తీపిని సారాయి చేస్తుంది. తర్వాత వచ్చే బాక్టీరియా ఆ సారాయిని పులిపిస్తుంది. కుప్ప లోపల వేడి పుట్టి, చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. హెమీసెల్యులోజుకు అంటిపెట్టుకుని ఉండే ఎసిటైల్ గుంపులు ఊడి అవీ ఎసిటిక్ ఆమ్లంగా మారతాయి. తడి ఉంది, వేడి ఉంది, పులుపు ఉంది. గొలుసులు తెగడానికి ఇంతకంటే ఏం కావాలి? లేత పసుపు పిప్పి కొన్ని వారాల్లో ముదురు గోధుమరంగుకు దిగుతుంది. దాన్ని ఉడికిస్తే గుజ్జు తక్కువ వస్తుంది, తెల్లబరచడానికి మందు ఎక్కువ పడుతుంది, కాగితం పీలగా ఉంటుంది.

అమెరికాలో లూసియానా వాళ్ళు 1920లలో పిప్పితో గోడ బోర్డులు చేసేటప్పుడు బేళ్ళుగా కట్టి ఆరబెట్టి నిలవ చేశారు. ఆరిన పాత బేళ్ళు విప్పే కూలీలకు దమ్ము, జ్వరం పట్టుకునేవి. బూజు పట్టిన పిప్పి ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడమే కారణమని వైద్యులు 1940లలో తేల్చి, బెగాసోసిస్ అని పేరు పెట్టారు. చక్కెర మిగిలితే నష్టపోయేది కాగితం ఒక్కటే కాదని దీనితో తేలింది. దక్షిణాఫ్రికాలో రిట్టర్ అనే ఆయన 1950లలో తిరగేసి ఆలోచించాడు. పులియడం ఆపలేనప్పుడు మనకు కావలసినట్టు పులియబెడదాం అన్నాడు. పిప్పిని నీళ్ళ కాలవలో పారించి, లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియాతో తడిపి, గాలి చొరకుండా పెద్ద కుప్ప వేశాడు. మిగిలిన తీపి ఖర్చయిపోయాక పులుపు ఒక మోతాదు దగ్గర ఆగిపోతుంది. గాలి లేదు కనక బూజు రాదు, కుప్ప కాగదు. పెరుగు తోడు పెట్టే ఇల్లాలికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

తమిళనాడులో పిప్పిని కాగితానికి పెద్దఎత్తున వాడింది కరూరు దగ్గర కాగితపురంలోని తమిళనాడు న్యూస్‌ప్రింట్ అండ్ పేపర్స్ మిల్లు. రాష్ట్ర ప్రభుత్వం 1979లో దాన్ని స్థాపించింది, 1984లో ఉత్పత్తి మొదలైంది. చక్కెర మిల్లుకు పిప్పి ఊరకే పడేసే చెత్త కాదు, దాని సొంత ఇంధనం. కనక పిప్పి కావాలంటే బదులు ఇంధనమో ఆవిరో సమకూర్చాలి. కాగితం మిల్లు అలాగే ఒప్పందాలు చేసుకుంది. పిప్పి తీసుకున్నాక ముందు చేసే పని బెండు తీసెయ్యడం. చెరకు నడుమ మెత్తగా, స్పాంజిలా ఉండే ఈ బెండు పిప్పిలో మూడో వంతు దాకా ఉంటుంది. అందులోనూ సెల్యులోజు ఉంది, కాని నార లేదు. మందు తాగేస్తుంది, బలమివ్వదు. దాన్ని వేరుచేసి మళ్ళీ బాయిలరుకే పంపుతారు.

ఇక డైజెస్టరు, అంటే పిప్పిని ఉడికించే పాత్ర. లిగ్నిన్ కరగాలంటే కాస్టిక్ సోడాతో, నూట అరవై డిగ్రీలు దాటిన వేడిలో ఉడకాలి. కర్రకు గంటలు పట్టే ఈ పని పిప్పికి పది, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అంత సేపట్లో లోపల జరిగేది కాస్త నెమ్మదిగా చూద్దాం, ఈ వ్యాసానికి ప్రాణం ఇదే. సెల్యులోజు గొలుసుకు రెండు కొసలు. ఒక కొసన ఉన్న గ్లూకోజుకు మాత్రం విచ్చుకునే గుణం ఉంది. వేడి క్షారం తగలగానే ఆ కొస గ్లూకోజు రూపు మార్చుకుని, గొలుసు నుంచి ఊడిపోయి, ఆమ్లంగా మారి ద్రావణంలో కలిసిపోతుంది. దాని వెనకున్నది ఇప్పుడు కొస అవుతుంది, అదీ ఊడుతుంది. తర్వాతది, ఆ తర్వాతది. ఇలా సగటున యాభై అరవై గ్లూకోజులు పోయాక, ఏదో ఒక కొస ఊడిపోయే రూపం కాకుండా స్థిరంగా ఉండే ఆమ్లరూపం తీసుకుంటుంది. అక్కడితో ఆ గొలుసుకు గండం గడుస్తుంది. వేడి ఇంకా పెంచితే గొలుసు మధ్యలోనే పుటుక్కున తెగి రెండు ముక్కలవుతుంది, కొత్త కొస పుడుతుంది, ఊడటం మళ్ళీ మొదలు. పొట్టి గొలుసుల హెమీసెల్యులోజుకు యాభై పోతే మిగిలేది ఎంత?

ఊడిన ప్రతి గ్లూకోజూ ఆమ్లమవుతుంది కనక సోడాను మింగుతుంది. లిగ్నిన్ కోసమని వేసిన సోడాలో సగానికి మించి ఈ చక్కెర ఆమ్లాలకే పోతుంది. మిల్లు లెక్కల్లో ఇది రెండు చోట్ల దెబ్బ. గుజ్జు తగ్గింది, మందు పెరిగింది. 1977లో కెనడాలో హోల్టన్ అనే శాస్త్రవేత్త ఆంత్రాక్వినోన్ అనే రంగుల పరిశ్రమ సరుకును చిటికెడు వేసి చూశాడు. కొస గ్లూకోజును అది ముందుగానే ఆమ్లంగా మార్చేసి ఊడటానికి వీల్లేకుండా చేసింది. వేలో వంతు కలిపితే చాలు, తేడా తెలిసింది.

గొలుసు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మిల్లు ప్రయోగశాలలో పాత ఉపాయం ఒకటుంది. రాగి, అమ్మోనియా కలిసిన చిక్కటి నీలి ద్రావణంలో సెల్యులోజు కరుగుతుందని ష్వైట్జర్ 1857లో కనిపెట్టాడు. చిటికెడు గుజ్జును అలాంటి రాగి ద్రావణంలో కరిగించి, సన్నటి గాజు గొట్టంలో వదిలి, ఒక గీత నుంచి ఇంకో గీతకు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి చూస్తారు. గొలుసులు పొడుగైతే పానకంలా బద్ధకంగా దిగుతుంది. తెగి ఉంటే నీళ్ళలా జారిపోతుంది. వంట ఎక్కువైందా, బ్లీచింగు శ్రుతి మించిందా, అన్నీ ఆ సెకన్లే చెబుతాయి.

దాయాదుల గొడవను మొదట సరిగ్గా పట్టుకున్నవాళ్ళలో ఒకరి ఆలోచనను అమలులో పెట్టింది మన రాజమండ్రిలోనే. వెదురుతో కాగితం చేయొచ్చని ఇంగ్లండులో థామస్ రౌట్లెడ్జ్ 1875లోనే చెప్పాడు. సిండాల్ 1906లో బర్మా వెదురు మీద నివేదిక రాశాడు. గుజ్జు మాత్రం గోధుమరంగులో వచ్చేది, తెల్లబరచబోతే మందు తెగ తాగేది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రెయిట్ కారణం వెతికాడు. వెదురులో పిండి, పెక్టిన్ ఉన్నాయి. లిగ్నిన్‌తో పాటే వాటినీ ఒకే దఫాలో ఉడికిస్తే ముందుగా అవి సోడాను తినేసి, చెడి, నారకు రంగు పట్టిస్తాయి. రంగు పోవాలని సోడా పెంచి, వేడి పెంచితే సెల్యులోజు దెబ్బతింటుంది. అందుకని ఆయన వంటను రెండు విడతలు చేశాడు. తక్కువ వేడిలో, ఒకసారి వాడేసిన పలచటి ద్రావణంతో ముందు పిండి, పెక్టిన్ తీసెయ్యడం. తర్వాత గాఢమైన సోడాతో లిగ్నిన్ పని పట్టడం. కణుపులను ముక్కలు కొట్టే బదులు నలగ్గొట్టాలని కూడా చెప్పాడు. గోదావరి మేదరులు వెదుర్ని నీళ్ళలో నానేసి పురుగు పట్టకుండా చేసుకోవడం తెలిసిందే. పురుగు వచ్చేదీ పిండి కోసమే. రెయిట్ చేసిందీ, నానేసినవాళ్ళు చేసిందీ దిక్కులో ఒకటే, తేడా ఉష్ణమాపకంలో ఉంది.

ఈ పద్ధతిని నమ్మి 1920ల మొదట్లో రాజమండ్రిలో కర్నాటిక్ పేపర్ మిల్స్ పెట్టారు. డబ్బు చాలక తిప్పలు పడింది. 1925లో ప్రభుత్వం వెదురు కాగితపు పరిశ్రమ రక్షణ చట్టం తెచ్చింది. మిల్లు తర్వాత ఆంధ్ర పేపర్ మిల్స్ అయింది. రెయిట్ తన అనుభవాన్ని 1931లో పుస్తకంగా వేశాడు. మిల్లు విఫలమైతే శాస్త్రం తప్పని తేలినట్టు మాట్లాడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఇక్కడ ఓడింది పెట్టుబడి.

బ్లీచింగు గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. క్లోరిన్‌ను షీలే 1774లో వేరుచేశాడు. 1799 నుంచి బ్లీచింగ్ పౌడరు దొరికింది. మురికి పేలికలు కూడా తెల్లకాగితమయ్యాయి, మోతాదు తెలిసినవాడు లేడు. 1823లో జాన్ మరే అనే స్కాట్లండు రచయిత, కొద్ది ఏళ్ళ కిందట అచ్చయిన బైబిలు చేతిలో పొడి కావడం చూసి పత్రికకు ఉత్తరం రాశాడు. నింద ముఖ్యంగా బ్లీచింగు మీద వేశాడు, పటికనూ అనుమానించాడు. బ్లీచింగు ద్రావణం తటస్థానికి దగ్గరైన కొద్దీ సెల్యులోజుకు హాని పెరుగుతుందని తర్వాత తెలిసింది. అందుకే మిల్లుల్లో దాన్ని క్షారంగానే ఉంచుతారు.

పటిక మీద మరే పెట్టుకున్న అనుమానమే చివరికి అసలు దోషిని చూపించింది. కాగితం మీద సిరా పాకకూడదంటే జిగురు పట్టించాలి. మన చేతికాగితానికి గంజి పట్టించి రాయితో మెరుగుపెట్టేవారు. జర్మనీలో ఇల్లిగ్ 1807లో రోజిన్ అనే చెట్టు బంకతో చేసిన సబ్బును పటికతో కలిపి గుజ్జులోనే వేసే పద్ధతి ప్రచురించాడు. చవక, వేగం, యంత్రానికి సరిగ్గా సరిపోయింది. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ యంత్రపు కాగితమంతా ఈ దారి పట్టింది. మిల్లులు వాడే పటిక అల్యూమినియం సల్ఫేటు. తేమ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఒకసారి వేసిన పటిక కాగితం బతికినంత కాలం పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు తిరుత్తణి ఫైళ్ళ దగ్గరికి. 1911 నుంచి 1960 దాకా ఈ తాలూకా గురించి రాసిన కాగితాలది సరిగ్గా పటిక, రోజిన్‌ల కాలం. పైన వేడి, చుట్టూ తేమ, ఏడాదికి రెండు వానాకాలాలు. అట్టల మధ్య గట్టిగా కట్టిన ఫైలులో ఆవిరైన ఆమ్లం బయటికి పోలేదు, పక్క పేజీకి పాకుతుంది. తెగిన గొలుసుల నుంచి, హెమీసెల్యులోజు నుంచి కొత్త ఆమ్లాలు పుడతాయి, అవి మళ్ళీ తెంపుతాయి. పెరటి కుప్పలో వారాల్లో జరిగింది ఇక్కడ దశాబ్దాల్లో జరుగుతుంది. అంచులకు గాలి, వెలుతురు కూడా తగులుతాయి కనక అవే ముందు పోతాయి. ఇనుము కలిసిన నల్లసిరాతో రాసి ఉంటే మరీ త్వరగా. అక్షరం ఉన్నచోటే కాగితం చిల్లు పడుతుంది.

రికార్డు గదుల్లో చేసే పరీక్ష ఒకటుంది. పనికిరాని ఖాళీ పేజీ మూలను వెనక్కి మడిచి, ముందుకు మడిచి లెక్కపెడతారు. మంచి కాగితం ఎన్నిసార్లు మడిచినా ఓర్చుకుంటుంది. పెళుసైనది రెండో మడతకే చేతిలో మిగులుతుంది. లాగి చూస్తే గట్టిగానే అనిపించొచ్చు, మడతబలం ముందు పోతుంది. అమెరికాలో విలియం బారో 1959లో, ఇరవయ్యో శతాబ్దపు మొదటి యాభై ఏళ్ళలో అచ్చయిన 500 పుస్తకాలను ఇలా మడిచి, లాగి చూసి, అత్యధిక భాగం తర్వాతి శతాబ్దంలో వాడుకకు పనికిరావని ప్రకటించాడు. అప్పుడు లైబ్రరీలు మేలుకున్నాయి.

వైద్యం లేకపోలేదు. పేజీలను సున్నం కలిపిన తేటనీళ్ళలోనో, మెగ్నీషియం బైకార్బొనేటు నీళ్ళలోనో ముంచి ఆరబెడతారు. ఆమ్లం విరిగిపోతుంది, పైగా కాస్త క్షారపు నిలవ నారల్లో ఉండిపోయి ముందు ముందు పుట్టబోయే ఆమ్లాన్ని కూడా అడ్డుకుంటుంది. చిరిగినచోట సన్నటి టిష్యూ అతికిస్తారు. కొత్త కాగితంలో ఈ పని మిల్లులోనే జరుగుతోంది. రోజిన్, పటిక స్థానంలో క్షారానికి తట్టుకునే జిగుర్లు, నింపుడుకు సున్నపురాయి పొడి వచ్చాయి. 1994లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం 9706 ప్రకారం దీర్ఘకాలం ఉండాల్సిన కాగితంలో కనీసం నూటికి రెండు పాళ్ళు కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షారం నిలవ ఉండాలి. పిప్పితో చేసిన కాగితమైనా ఈ షరతుకు నిలబడుతుంది. చెరకా, వెదురా, పత్తా అన్నది కాదు, ఎలా వండారు, చివర ఏం కలిపారు అన్నదే లెక్క.

అయితే సున్నపు నీళ్ళు ఆమ్లాన్ని ఆపగలవే కాని తెగిన గొలుసును అతకలేవు. మూడు వందలకు దిగిన సెల్యులోజు మళ్ళీ వెయ్యికి ఎక్కదు. అందుకే పటాస్కర్ కాలపు ఫైళ్ళ విషయంలో చేయాల్సిన పని వరస ఇది: ముందు ఫోటో తీయడం, ఆ తర్వాతే నీళ్ళలో ముంచడం.

(వచ్చే భాగం: సిర్పూరు అడవి అంచున నిజాం కట్టించిన మిల్లు, కాగజ్‌నగర్)